నూతినీరు – రోగివృత్తాంతము



నా బాల్యమున వేసవి సెలవులకు పొదిలి సీమలోని మాతామహుల గ్రామమునకు పోవుచుండెడివారము. మా మేనమామగారిని వెనుకనుండి పిలిచినచో ఆయన మెడ త్రిప్పి చూచెడివారు కారు. నిలుచున్నచోటనే దేహమంతయు త్రిప్పెడివారు. నలువదియేండ్లకే ఆయన నడుము కొయ్యబారినది. ఆ యూరి పిల్లల పండ్లపై పసుపుపచ్చని చారలు, గోధుమవన్నె మచ్చలు ఉండెడివి. కృష్ణకాలువ నీరు త్రాగి పెరిగిన మేము, వారు పండ్లు తోముకొనరని పరిహసించితిమి. ఆ పరిహాసము తలచుకొన్న నేటికిని సిగ్గగుచున్నది. పెద్దలు పరిహసింపలేదు గాని, అది పూర్వజన్మ కర్మమనిరి. ఆ యూరికి పిల్లనిచ్చుటకు జంకిరి.

దోషము కర్మమున లేదు, నూతిలో నున్నది. ఆ సంగతి నేను పుట్టుటకు మునుపే, 1937లోనే, అచ్చుపడియున్నది. ఆ అచ్చుకాగితము మాత్రము మా మేనమామగారి యూరికి రాలేదు. ఆ కాగితము కథయే నేడు మీకు చెప్పదలచితిని.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు నెల్లూరు జిల్లాలోనివి. అచట ఆ కాలమున కాలువలు లేవు, నూతులే దిక్కుగా నుండెడివి. రాతిపొరలలోని ఫ్లోరైడు అను లవణము నూతినీటిలో కరగును. అది రంగును మార్చదు, వాసన నీయదు. లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాములను మించి, ఏండ్ల తరబడి కడుపులోనికి పోయినచో, ముందు పిల్లల పండ్లను, పిమ్మట పెద్దల యెముకలను పట్టును. 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట పుణ్యమున డెల్టా గ్రామములకు కాలువనీరు, చెఱువునీరు దొరికినవి. మన పండ్లు తెల్లగా నుండుట మన గొప్ప గాదు, నదీమాతల్లి దయ.

చెన్నపట్టణము చెంత గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు నెల్లూరు జిల్లాలోని యీ వ్యాధిని పరిశీలించి, 1937లో కలకత్తానుండి వెలువడు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించిరి. ఆ సంవత్సరమే షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డు, మన్నాడి నాయరు అనువారలు రోగుల వృత్తాంతములతో మఱియొక వ్యాసమును వేఱొక వైద్యపత్రికలో వెలువరించిరి. బార్నార్డు చెన్నపట్టణమున ఎక్స్‌రే శాస్త్రమునకు పునాది వేసినవాడు.

వారు వర్ణించిన క్రమమును వినుడు. మొదట కాలుసేతులలో తిమ్మిరి, జలదరింపు. పిదప నడుమున నొప్పి, పట్టు. ఆ పట్టు మెల్లమెల్లగా పైకి ప్రాకి, తుదకు వెన్నెముక యంతయు మెడతో గూడ ఒకే కఱ్ఱవలె బిగిసిపోవును. ప్రక్కటెముకలును కదలవు, రోగి కడుపుతోనే ఊపిరి తీయును. ఈ పంక్తులు మొదటిసారి చదివినపుడు నాకు మా మేనమామగారు కన్నులయెదుట నిలిచిరి. పేరులేదు, ఊరులేదు, కాని ఆయనయే!

దీనినే వైద్యులు రోగివృత్తాంతమందురు. ఒక రోగి యేమి చెప్పెను, వైద్యుడేమి చూచెను, ఏ పరీక్ష చేసెను, తుద కేమాయెను, ఉన్నదున్నట్లు వ్రాయుట. దానికి తోడు బొమ్మ. వెన్నెముక బిగిసినదని మాటలతో వ్రాసిన ఒక వైద్యుడు నమ్మవచ్చును, వేఱొకడు నమ్మకపోవచ్చును. ఎముకల నడుమ సున్నము పేరుకొన్న ఎక్స్‌రే చూపినచో, వేయి క్రోసుల దూరమున నున్న వైద్యుడును తన రోగిని దానితో పోల్చుకొనును.

అట్లే జరిగినది. కృష్ణకు ఆవలియొడ్డున నల్లగొండ జిల్లాలోని యిట్టి రోగులను గూర్చి 1955లో సిద్ధికీ వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడు గ్రామముల పిల్లలలో మోకాళ్లు లోనికి వంగి యొకదానికొకటి తగులు వికారమును లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపురపు శాస్త్రజ్ఞులు కనిపెట్టగా, దానికి నల్లగొండ పేరే వచ్చినది. వంగిన యెముకను తిరిగి నిలుపు మందు లేదు. నీరు మార్చుటయే మందు. కనుక ముందు తెలియుటయే ప్రాణము.

మఱి ముందు తెలియవలసినవారికి తెలిసెనా? ఆ పత్రికలు చందా కట్టినవారికి, పెద్దపట్టణముల గ్రంథాలయములకు పోయెడివి. రోగమిచ్చినది పల్లె, జ్ఞానము చేరినది పట్టణము. తాలూకా వైద్యశాలలోని డాక్టరునకే అవి దొరకుట దుర్లభము. ఈ గోడను కూల్చవలెనని 2002లో బుడాపెస్టు నగరమునుండి పండితులొక ప్రకటన చేసిరి: శాస్త్రవ్యాసములను చదువుటకు ఎవ్వరును రుసుము చెల్లింప నవసరముండరాదని. అట్లు తలుపులు తెఱచిన పత్రికలు నేడు వేలున్నవి. 1986లో మన విజయవాడలో నెలకొన్న ఆరోగ్య విశ్వవిద్యాలయమును 2012లో అట్టి పత్రికనే ఆరంభించి, రోగివృత్తాంతములను ప్రచురించినది. 1955లో నిలిచిపోయిన ఆ ప్రాత గెజెట్ పుటలను గూడ అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము వారు ఉచితముగా చూపుచున్నారు. నా మనుమడు తన ఫోనులో దానిని తెఱచి చూపగా, మేనమామగారు పోయిన యెన్నియో యేండ్లకు నేను చదివితిని.

కొద్దిమంది వృత్తాంతమెంత పని చేయునో చూడుడు. 1981 జూన్ 5వ తేదీన అమెరికా ప్రభుత్వ వారపత్రిక లాస్ ఏంజెలిస్‌లోని అయిదుగురు రోగుల సంగతి ప్రకటించినది. ఎయిడ్స్ అను మహమ్మారిని లోకము మొదట గుర్తించినది ఆ యైదుగురి కథవలననే. ఒక్క రోగి కథ సిద్ధాంతము కాజాలదు; కాని అది ఊరివాకిట మొఱిగిన కుక్కవంటిది. దొంగ వచ్చెనో లేదో లేచి చూడవలసినది మనము.

ఇక రెండవ ప్రక్కను గూడ చెప్పకున్న అధర్మమగును. కొన్నేండ్ల క్రిందట నా చెంపపై నొక వింత పుండు లేచినది. పేరు చెప్పను గాని, ఒక వైద్యశాలలో నొక యువవైద్యుడు నన్నడుగకయే ఫోనుతో ఫొటో తీసికొనెను. పక్షము దినములలో మా బంధువొకడు తన ఫోనులో నా ముఖమును నాకే చూపెను! ఇంట మనుమరాలికి సంబంధములు చూచుచున్న దినములవి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పూర్వకాలపు వైద్యపత్రికలలో రోగి ముఖమును మఱుగుపఱుపక ముద్రించుట సామాన్యము. తలుపు తెఱచిన పత్రికలో పడిన బొమ్మ లోకమంతటికిని కనబడును. కావున నేడు జాగ్రత్త మఱింత వలయును. కన్నులపై నల్లగీత గీచిన చాలదని వైద్యపత్రికా సంపాదకుల నియమమే చెప్పుచున్నది.

పిమ్మట నాకు చికిత్స చేసిన పెద్ద డాక్టరుగారు వేఱువిధముగా నడిచిరి. "బాబాయిగారూ, ఇట్టిది అరుదు. ప్రకటించిన పదిమంది వైద్యులు నేర్చుకొందురు. మీ పేరుగాని ఊరుగాని యుండదు, పుండు మాత్రమే కనబడును. మీరు వలదన్నను చికిత్సలో లోపము చేయను" అని, తెలుగులో వ్రాసిన అంగీకారపత్రమును చదివి వినిపించిరి. నేను రెండు దినములు గడువడిగితిని. మా యింటిది "మరల నెందుకు మనకీ తలనొప్పి?" అన్నది. ఆమె మాటయు న్యాయమే. కాని మేనమామగారు జ్ఞప్తికి వచ్చిరి. 1937లో ఎక్స్‌రే బల్లపై పరుండిన ఆ పేరులేనివారు సిగ్గుపడి యింటనే దాగియున్నచో, ఇంకను కర్మమనియే యుందుము గదా! సంతకము చేసితిని.

మనకీ విచారము తీరలేదు. విజయవాడకు దూరముగాని ఏ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి యెన్నియో కుటుంబములను క్రుంగదీసినది. దానికి కారణము నిశ్చయముగా తేలలేదు. అచ్చటను ఒక్కొక్క రోగి వృత్తాంతము, ఒక్కొక్క నూతి లెక్క పుటకెక్కవలెను.

గ్రామపెద్దలారా! మీ యూర వింతవ్యాధి కనబడినచో దాచకుడు, కర్మమని వెలివేయకుడు. నీటిని పరీక్షింపజేయుడు. వైద్యుడు వ్రాయుదునన్నచో ముందు చదివి వినిపింపుమనుడు, ముఖము మఱుగుపఱుపుమనుడు, ఎచట అచ్చగునో అడుగుడు. సొమ్ము పుచ్చుకొని పరిశీలింపకయే అచ్చువేయు పత్రికలును కలవు. అంతయు సరిపడినపుడు సంతకము చేయుడు, సరిపడనిచో మానుడు. మానుటకును మీకు హక్కు కలదు. చేసినచో మాత్రము, అచ్చయిన దానినొక ప్రతి మన యూరి గ్రంథాలయమునకు, తెలుగులో నాలుగు మాటల వివరణతో, పంపుమని కోరుడు. 1937లో రానిది ఇకనైనను రావలెను.