దుప్పులు మేసే చాళ్ళు

స్కాట్లాండ్ నుంచి వచ్చే క్యాలెండర్ల మీద, విస్కీ సీసాల మీద, బిస్కెట్ డబ్బాల మీద ఒక బొమ్మ మీరు చూసే ఉంటారు. పొగమంచు కమ్మిన కొండ వాలులో కొమ్ములెత్తి నిలబడ్డ మగ దుప్పి. చుట్టుపక్కల ఇల్లు లేదు, మనిషి లేడు, చెట్టు కూడా లేదు. ఆ దుప్పి నిజమే. ఆ నిర్మానుష్యం మాత్రం ప్రకృతి చేసింది కాదు, మనుషులు పూనుకుని చేసింది. గ్లాస్గోలో స్థిరపడి, ఏటా శరదృతువులో కెమెరా భుజాన వేసుకుని ఉత్తరానికి వెళ్ళే నేను, ఈ దేశ చరిత్రలో మనవాళ్ళకు తప్పక తెలియాల్సింది ఏమిటని అడిగితే ముందు ఈ సంగతే చెబుతాను.

నేను వెళ్ళేది పడమటి తీరంలో, స్కై దీవికి దక్షిణాన ఉన్న రమ్ అనే దీవికి. గ్లాస్గోలో రైలెక్కి మలేగ్ రేవులో దిగి, అక్కడ ఫెర్రీ పట్టుకోవాలి. దీవి వైశాల్యం దాదాపు 100 చదరపు కిలోమీటర్లు. ఊరు మాత్రం కిన్‌లోక్ ఒక్కటే, అక్కడా ఉండేది పిడికెడు కుటుంబాలే. ఆ ఊరి నుంచి రాళ్ళబాటలో రెండు గంటలు నడిస్తే ఉత్తరపు ఒడ్డున కిల్‌మోరీ వస్తుంది. ఎర్ర దుప్పుల గురించి శాస్త్రజ్ఞులకు ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం ఆ చిన్న లోయ నుంచి వచ్చిందే.

నల్లమలలో కణుజును చూసినవారు ఈ ఎర్ర దుప్పిని తేలిగ్గానే ఊహించుకోవచ్చు. కొమ్ములు రాల్చి మళ్ళీ పెంచుకునే కుటుంబమే ఇది కూడా. సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు చివరిదాకా వీటికి ఎదకాలం. ఏడాది పొడుగునా మగవన్నీ కలిసి మేసినవి, ఈ నెల రాగానే ఒకదాని పొడ ఒకదానికి గిట్టనట్టు విడిపోతాయి. మెడ లావెక్కి జూలు దట్టమవుతుంది. నల్లటి బురదగుంటల్లో పొర్లి, కొమ్ములతో గడ్డిని కుళ్ళగించి, ఆ గడ్డి పోచలు కొమ్ములకు వేలాడుతుండగానే తిరుగుతాయి. గాలి మన వైపు మళ్ళిందంటే కంటికి కనబడకముందే వాటి ఘాటు వాసన వస్తుంది. ఆడవాటి మందను కాపలా కాయడంలో మేత దాదాపు మానేస్తాయి. ఎదకాలం ముగిసేసరికి ఒంటి బరువులో ఐదో వంతు దాకా కరిగిపోతుంది.

రంకె వేసే దుప్పిని పెద్ద లెన్సులో చూడాలి. మెడ ముందుకు చాచి, కొమ్ములు వెన్ను మీదకు వాలేలా తల ఎత్తి, నోరు గుండ్రంగా తెరుస్తుంది. గొంతు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే స్వరపేటిక రంకెతో పాటు కిందికి జారుతూ జారుతూ రొమ్ము ఎముక దాకా దిగిపోతుంది. గొంతు గొట్టం అలా సాగబట్టే ఆ నాదం అంత బొంగురుగా, అంత లోతుగా వస్తుంది. చలి ఉదయాన ఎదురెండలో తీస్తే నోటి ఆవిరి బంగారు రంగులో చెదిరిపోవడం కూడా ఫొటోలో పడుతుంది. జంతుశాస్త్రజ్ఞుడు టిమ్ క్లటన్-బ్రాక్, ఆయన సహచరులు 1970లలో ఇక్కడ కూర్చుని ఈ రంకెలు లెక్కపెట్టారు. రంకె వేయడానికి బలం ఖర్చవుతుంది, సత్తువ లేనిది ఎక్కువసేపు వేయలేదు. అందుకే ప్రత్యర్థి మొదట ఆ రంకెలు విని ఎదుటిదాని సత్తా అంచనా కట్టుకుంటుంది. తేలకపోతే రెండూ పక్కపక్కనే, కాస్త ఎడంగా, బిగుసుకుని అటూ ఇటూ నడుస్తాయి. అప్పటికీ తేలకపోతేనే కొమ్ములు కలుస్తాయి. ఫొటోలు తీసేవారంతా ఆ కొమ్ముల తాకిడి కోసం కాచుకుంటారు. నాకు మాత్రం ఆ పక్కపక్క నడకే ఇష్టం. రెండు జంతువులూ ఒకదాన్నొకటి చూడనట్టు నటిస్తూ, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నడుస్తాయి.

ఇక్కడ కొన్ని కట్టుబాట్లున్నాయి. గాలి మన ముఖానికి కొట్టాలి తప్ప వీపు నుంచి వాటి వైపు పోకూడదు. కొండ అంచున ఆకాశం వెనకాల పెట్టుకుని నిలబడకూడదు. మగదానికీ దాని మందకూ మధ్యకు ఎంత మంచి ఫొటో దొరుకుతుందన్నా పోకూడదు. ఒక్క నిమిషం మన వల్ల మంద చెదిరితే, దాన్ని కూడగట్టడానికి మగది పరిగెత్తే ప్రతి అడుగూ చలికాలంలో దాని ప్రాణానికి అప్పు. కిల్‌మోరీలో ఇందుకోసమే చెక్కతో కట్టిన చాటు గది ఉంది. అందులోంచి తీయడమే మర్యాద.

ఆ గదిలో కూర్చుంటే పొద్దు వాలేకొద్దీ ఒకటి బయటపడుతుంది. మిట్టమధ్యాహ్నం చదునుగా కనబడిన పచ్చిక మీద, ఏటవాలు వెలుగుకు గట్లూ చాళ్ళూ వరసగా లేస్తాయి. సముద్రపు నాచు మోసుకొచ్చి వేసి, మట్టి ఎత్తుగా పోసి, బంగాళాదుంపలూ ఓట్స్ ధాన్యమూ పండించిన మడులవి. నేల బాగుందని మనుషులు అక్కడ సాగు చేశారు. అదే కారణానికి ఇవాళ ఆడ దుప్పులు అక్కడే మేస్తాయి. ఆడవి అక్కడుంటాయి కాబట్టి మగవి అక్కడే పోరాడతాయి. మనం అడవి అని తీసే ఫొటో నిజానికి పొలం ఫొటో.

ఆ పొలాలు దున్నినవాళ్ళు గేలిక్ మాట్లాడే కౌలు రైతులు. భూమి కోల్ దీవికి చెందిన మెక్లీన్ ప్రభువులది. ఆ వంశపు బంధువు లాక్లన్ మెక్లీన్ గొర్రెల పెంపకం కోసం దీవి మొత్తాన్ని గుత్తకు తీసుకున్నాడు. గొర్రెలకు మనుషులు అడ్డం. ఏడాది ముందు నోటీసులిచ్చి, 1826 జూలైలో సుమారు 300 మందిని ఓడలెక్కించి కెనడాలోని కేప్ బ్రెటన్‌కు పంపేశారు. 1828లో మరో 50 మంది దాకా వెళ్ళారు. ఓడ చార్జీ ప్రభువే కట్టాడు, దాన్ని దయ అని రాసినవాళ్ళూ ఉన్నారు. తరతరాల ఊళ్ళు రెండు వేసవుల్లో ఖాళీ అయ్యాయి. వాళ్ళ స్థానంలో 8,000 గొర్రెలు దిగాయి. గొర్రెల ధరలు పడిపోయి, పదిహేనేళ్ళు తిరక్కుండానే మెక్లీన్ కూడా దివాలా తీశాడు. పోయినవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

అప్పటికి దీవిలో దుప్పి అన్నదే లేదు. ఉన్నవి 18వ శతాబ్దం చివరికే అంతరించాయి. 1845లో సాల్స్‌బరీ మార్క్విస్ దీవిని కొని, వేట కోసం బయటినుంచి దుప్పుల్ని తెప్పించి వదిలాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే విక్టోరియా రాణి కుటుంబం బాల్మోరల్ ఎస్టేటుకు చేరింది (1848లో అద్దెకు, 1852లో సొంతానికి). చిత్రకారుడు ఎడ్విన్ ల్యాండ్సియర్ ‘మోనార్క్ ఆఫ్ ద గ్లెన్’ గీసింది 1851లో. క్యాలెండర్ దుప్పికి మూలపురుషుడు ఆ బొమ్మే. గొర్రెలు గిట్టుబాటు కాని కొండలు చాలా ధనవంతుల వేట మైదానాలుగా మారిపోయాయి. మనుషులను వెళ్ళగొట్టిన నేలకు అందమైన ఏకాంతం అనే పేరు వచ్చింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

1888లో రమ్‌ను కొన్న జాన్ బుల్లో కథ మనకు ఇంకా దగ్గరిది. ఆయన డబ్బు ఇంగ్లండులో లాంకషైర్‌లోని అక్రింగ్టన్‌లో మిల్లు యంత్రాలు చేసి అమ్మిన డబ్బు. ఆయన తండ్రి జేమ్స్ బుల్లో, విలియం కెన్వర్దీతో కలిసి 1840ల మొదట్లో ‘లాంకషైర్ లూమ్’ అనే మరమగ్గాన్ని తయారు చేశాడు. మాది చీరాల దగ్గర నేత కుటుంబం. మన తీరం నుంచి సీమకు పోయే బట్ట అంతకు ముందే పడిపోయింది. ఆ తర్వాత లాంకషైర్ మరమగ్గాల మీద నేసిన సీమ గుడ్డ మన సంతల్లోకి దిగింది. గుంటమగ్గం దగ్గర కూర్చున్నవాడికి చేసిన పనికి కూలి గిట్టక, పొలం కూలికో, బర్మాకో పోవాల్సి వచ్చింది. ఆ యంత్రాల వ్యాపారంలో పోగైన సంపదతో జాన్ కొడుకు జార్జ్ కిన్‌లోక్‌లో కోట కట్టుకున్నాడు. ఎర్రరాయి దీవి బయటినుంచి తెప్పించాడు. తనంతట తానే మోగే వాద్యయంత్రం పెట్టించాడు, వేడి చేసిన గాజుగదుల్లో తాబేళ్ళను పెంచాడు. ఏడాదిలో ఆ కుటుంబం అక్కడ గడిపింది శరదృతువు వేటకు పట్టే కొద్ది వారాలే. మగ్గం విడిచిన మనవాళ్ళూ చాలు విడిచిన ఈ దీవివాళ్ళూ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. ఇద్దరి కథా ఆ కోటలో కలిసింది.

రమ్‌కు జరిగింది స్కాట్లాండ్ ఉత్తరపు కొండసీమ హైలాండ్స్‌లో చాలాచోట్ల జరిగింది. కౌలుదార్లు తిరగబడ్డాక 1886లో క్రాఫ్టర్ల (చిన్న కౌలుదార్ల) చట్టం వచ్చి వాళ్ళకు భూమి మీద భద్రత ఇచ్చింది. రమ్‌లో ఆ చట్టం కాపాడటానికి కౌలుదారు మిగల్లేదు.

1957లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ దీవిని కొన్నది. తోడేళ్ళు లేని దేశంలో దుప్పులు మితిమీరితే మొలక మీద మొలక లేవదు, అందుకే చాలాచోట్ల ఏటా కొన్నిటిని కాల్చక తప్పదు. కిల్‌మోరీలో మాత్రం 1970ల మొదట్లో కాల్చడం ఆపి, ఒక్కొక్క దుప్పినీ గుర్తుపట్టి, పుట్టుక నుంచి చావు దాకా రాసుకుంటూ వస్తున్నారు. వాతావరణం వేడెక్కేకొద్దీ పిల్లలు ముందుగా పుడుతున్నాయని ఆ రాతల్లోనే తేలింది.

నేను ఇప్పుడు దుప్పి తల ఒక్కటే బిగించి తీయడం తగ్గించాను. లెన్సు కాస్త వెనక్కి లాగి, రంకె వేసే దుప్పి కాళ్ళ కింద ఆ చాళ్ళు కూడా పడేలా చూస్తాను. అంచున కూలిన గోడ వస్తే దాన్ని కత్తిరించను. చూసేవాళ్ళు ఆ గీతలేమిటని అడుగుతారు, అప్పుడు చెబుతాను.

పక్కనున్న ఎగ్ దీవివాళ్ళు 1997లో తమ దీవిని తామే కొనుక్కున్నారు. రమ్‌లో కూడా 2009, 2010 నాటికి కిన్‌లోక్ ఊరి భూమి అక్కడివాళ్ళ ట్రస్టు చేతికి వచ్చింది. 2020లో కొత్తగా ఇళ్ళు కట్టి, పిల్లలున్న కుటుంబాలు వచ్చి ఉండమని పిలిచారు. అక్టోబరులో ఇటు వచ్చేవారు కిల్‌మోరీ చూసి వెనుదిరగకండి. నైరుతి ఒడ్డున హారిస్‌కు కూడా నడవండి. అక్కడ చాళ్ళు ఇంకా స్పష్టంగా ఉంటాయి, వాటి పక్కనే గ్రీకు గుడి నమూనాలో బుల్లో కుటుంబం కట్టుకున్న సమాధి ఉంటుంది. రెండూ ఒకే ఫొటోలో పడతాయి.