రంజకం నుంచి ఫైరింగ్ పిన్ వరకు: చిత్తూరు సీమలో ఆయుధం, అధికారం

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు మదనపల్లె ప్రాంతం కడప వైపు భాగంగా థామస్ మన్రో పాలనలోకి వచ్చింది. పుంగనూరు, కుప్పం ఉన్న కంగుంది వేరే దారుల్లో కంపెనీ కిందికి చేరి, ఉత్తర ఆర్కాటు జిల్లాలో జమీందారీలుగా మిగిలాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మదనపల్లె, పుంగనూరు ఒకే జిల్లాలో లేవు. దత్తమండలాల్లో ఆనాడు సుమారు 80 మంది పాలెగాళ్లు, వారి కింద 30,000 మంది సాయుధులు ఉండేవారని అంచనా. ఇంతమంది చేతుల్లో ఉన్న ఆయుధం వందేళ్లలో ఎలా మాయమైంది? సైన్యం, శిస్తు, చట్టం అని సాధారణంగా సమాధానం చెబుతాం. అది సరైనదే కాని చాలదు. తుపాకి లోపలి యంత్రం కూడా మారిందని విద్యార్థులు గమనించాలి.

పాలెగాడి బంటు చేతిలో ఉన్నది వత్తి తుపాకి. గొట్టం మొదట్లో చిన్న రంధ్రం, దాని పక్కన పళ్లెంలో చిటికెడు రంజకం, నిప్పు అంటించడానికి నెమ్మదిగా కాలే వత్తి. అంతే. ఊరి కమ్మరి దీన్ని బాగు చేయగలడు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు నూరుకోవచ్చు. వానొస్తే పేలదన్న మాట నిజమే, కాని ఈ ఆయుధాన్ని నిలబెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కంపెనీ సిపాయి చేతిలోని చెకుముకి తుపాకి ఇంతకంటే మెరుగైనదే అయినా, రెండింటి మధ్య దూరం మరీ ఎక్కువ కాదు.

దూరం పెరిగింది 1857 తర్వాత. తిరుగుబాటు అనంతరం భారతీయ సిపాయిలకు లోపల మరలు లేని నున్నటి గొట్టం తుపాకులిచ్చారు, గురి తక్కువగా ఉండాలని. 1866లో బ్రిటిష్ సైన్యం స్నైడర్ పద్ధతిని స్వీకరించింది. ఇది పూర్తిగా కొత్త తుపాకి కాదు. పాత ఎన్‌ఫీల్డ్ తుపాకి వెనుక భాగాన్ని కోసి, తలుపులా తెరుచుకునే దిమ్మను అమర్చారు. ఆ దిమ్మ గుండా ఏటవాలుగా వెళ్లే ఇనుప ముల్లే ఫైరింగ్ పిన్. సుత్తి పిన్నును కొడితే, పిన్ను తూటా అడుగున ఉన్న టోపీని కొడుతుంది. మందు, గుండు, టోపీ మూడూ ఒకే తూటాలో చేరాయి. ఆ తూటాను కమ్మరి కొలిమిలో చేయలేరు, కర్మాగారం కావాలి. బ్రిటిష్ సైనికులకు మార్టినీ-హెన్రీ వచ్చాకనే స్నైడర్ భారతీయ సైనికుల వంతుకు వచ్చింది. ఒక తరం వెనుకబడిన ఆయుధమే వారికి ఇవ్వాలన్నది అప్పటి విధానం.

1878 ఆయుధాల చట్టం ఈ స్థితికి చట్టరూపం ఇచ్చింది. భారతీయులకు లైసెన్సు తప్పనిసరి, ఐరోపావారికి మినహాయింపు. ఈ అవమానం ఎంత లోతైనదంటే, 1930లో గాంధీజీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోర్కెల్లో ఆత్మరక్షణకు ఆయుధాల లైసెన్సు కూడా ఒకటి. అహింసావాది కోరికల జాబితాలో ఇదేమిటని విద్యార్థులు తరగతిలో నన్ను చాలాసార్లు అడిగారు. ఆ కోరిక తుపాకి గురించి కాదు, సమానత్వం గురించి.

ఇరవయ్యో శతాబ్దపు .303 లీ-ఎన్‌ఫీల్డ్‌లో పిన్ను మరింత సున్నితమైన భాగం. పిన్ను వెనుక కొస మరచుట్టుతో కాకింగ్ పీస్‌లో బిగుస్తుంది, చిన్న స్క్రూ దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ముందు కొస బోల్టు ముఖం నుంచి కొద్దిగా మాత్రమే బయటికి రావాలి. తక్కువైతే టోపీ పేలదు. ఎక్కువైతే టోపీ చిల్లుపడి వేడి వాయువు కాల్చేవాడి వైపు తన్నుకొస్తుంది. అందుకే దీన్ని గేజితో కొలిచి సరిచేసే ఆర్మరర్ ప్రతి పటాలానికీ అవసరమయ్యాడు. రైఫిల్ పట్టుకున్నవాడికి ఇప్పుడు తూటా కర్మాగారంతో పాటు ఆర్మరర్ కూడా కావాలి.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసింది. దొరికినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. తుపాకులతో సమానంగా తూటాలను లెక్కించడంలోనే విషయముంది. అవి అయిపోతే కొండల్లో మళ్లీ చేసుకునే వీలు లేదు.

పోలీసులకిచ్చిన తుపాకిని కూడా ప్రభుత్వం పూర్తిగా నమ్మలేదు. ఇషాపూర్‌లో పాత .303 రైఫిళ్ల గొట్టాన్ని .410 నున్నటి గొట్టంగా తొలిచి, మ్యాగజైనుకు అడ్డుదిమ్మ పెట్టి, ఒక్కో తూటా మాత్రమే పేలేలా మార్చారు. సైన్యపు .303 తూటా అందులో సరిగా కూర్చోదు. తుపాకి చేతులు మారినా పనికిరాకూడదన్న జాగ్రత్త అది.

స్వాతంత్ర్యం తర్వాత 1948 చట్టంతో ఎన్‌సీసీ ఏర్పడింది. నేను విద్యార్థిగా కవాతులో మోసింది అలాంటి పాత రైఫిలే. దానిపై డీపీ అన్న అక్షరాలు చెక్కి ఉండేవి, అంటే కవాతుకు మాత్రమే. పిన్ను కొస తీసేశారు. బరువు మాత్రం ఏమీ తగ్గలేదు, భుజం ఆ సంగతి చెప్పేది. కాల్పుల శిక్షణకు .22 రైఫిళ్లు వేరే ఉండేవి. వాటిలో కొన్ని పాత సైనిక రైఫిళ్లను మార్చినవే. .22 తూటా మధ్యలో కాక అంచున పేలుతుంది కాబట్టి బోల్టు తలనే మార్చి, పిన్నును పక్కకు జరిపి అమర్చేవారు.

1878 చట్టం స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చింది. మన సీమలో అడవి అంచు పల్లెల్లో అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి దాచుకున్న నాటు తుపాకులు నేటికీ పోలీసుల సోదాల్లో బయటపడుతుంటాయి. అవి గొట్టం మూతి నుంచి మందు కూరేవే. వాటికి కర్మాగారపు తూటా అక్కర్లేదు, ఫైరింగ్ పిన్ను లేదు. పాలెగాళ్ల కాలపు కమ్మరి చూస్తే వెంటనే గుర్తుపడతాడు.