కదలని త్రాసుముల్లు

కెలోరీలు లెక్కించి భుజించువారి బరువు మొదట తగ్గును. పిదప అదే లెక్కకు త్రాసుముల్లు కదలదు. పాతబస్తీలో ఉండియు హలీము, బిరియాని మానుకొన్నవారికి ఇది ఎంత నిరాశ! ఇది వారి దోషము కాదని చరిత్ర చెప్పుచున్నది.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు 24 వారములు అర్ధాహారమిచ్చి పరీక్షించెను. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గగా, విశ్రాంతిలో దేహము వెచ్చించు శక్తి సుమారు 40 శాతము తగ్గినది. రాబడి తగ్గిన సంసారివలె దేహము ఖర్చు కుదించుకొన్నది.

అయినను 1958లో మాక్స్ విష్నాఫ్‌స్కీ అను వైద్యుడు పౌను బరువునకు 3500 కెలోరీలని కట్టిన లెక్కయే లోకమున స్థిరపడినది. ఈ కుదింపునకు అందు చోటు లేదు.

అదే 1958లో కూనూరునుండి పోషకాహార పరిశోధనాలయము మన హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. 2017లో ఆ సంస్థ 528 ఆహారపదార్థముల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించినది. కనుక మన వంటను మన పట్టికతోనే లెక్కింపవచ్చును.

ముల్లు నిలిచినచో పస్తుండవలదని మేము విన్నవించుచున్నాము. తగ్గిన బరువునకు తగినట్లు లెక్క తిరిగి వేయవలెను. గ్రాము నెయ్యి 9 కెలోరీలు. కావున గరిటెతో గాక చెంచాతో కొలువవలెను. చాయ్‌లోని చక్కెరను మరువరాదు. మదీనా కూడలినుండి చార్మినారువరకు నిత్యము నడచినను మేలే. వ్యాధిగ్రస్తులు మాత్రము వైద్యుని అడిగియే ఆహారము తగ్గింపవలెను.