ఎండతో నడచిన ముసలి బండి

1954 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనువారు సిలికాన్ సౌరఘటమును నిర్మించిరి. మీదబడిన ఎండలో నూటికి సుమారు 6 పాళ్లు విద్యుత్తుగా మారెను. 1960 నాటికే ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ సంస్థవారు ఇట్టి ఘటములు 10,640 ఒక కారు కప్పుపై అమర్చిరి. అది క్రొత్త కారు కాదు, 1912 నాటి బేకర్ విద్యుత్ బండి! ఎండ నేరుగా మోటారును త్రిప్పలేదు. బ్యాటరీలను నింపెను, అంతే.

నేడు ఇంటివద్దనే ఈ పని చేయదలచువారు ముందు లెక్క చూచుకొనవలెను. పొందూరులో మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు. కప్పుపై 2 చదరపు మీటర్ల ఫలకము, నూటికి 20 పాళ్ల సామర్థ్యముతో, 400 వాట్లిచ్చును. అట్టి ఎండ దినమునకు 5 గంటలనుకొన్నను వచ్చునది 2 యూనిట్లు. కిలోమీటరుకు 150 వాట్-గంటలు మ్రింగు కారు దానితో 13 కిలోమీటర్లు దాటదు. అదే ఫలకమును డాబాపై దక్షిణమునకు 18 డిగ్రీలు వాల్చి, కారును చెట్టునీడన నిలిపినచో ఇంకను కొంత ఎక్కువే వచ్చును.