నెగిటివ్ మన దగ్గర ఉండాలి

ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్ అంటే వినడానికి పెద్ద మాట. మా వాడ భాషలో చెప్పాలంటే కూలీ. పేపరాఫీసులో నెలజీతం తీసుకునే ఫోటోగ్రాఫర్ ఏడాది పాలేరు లాంటోడు, పండక్కి పంచె అయినా పెడతారు. ఫ్రీలాన్సర్ రోజుకూలీ. పిలిస్తే పని, పిలవకపోతే పస్తు. కెమెరా నాది, ఫిల్ము నాది, బస్సు ఛార్జీ నాది. అచ్చయిన ఫోటో కింద పేరు మాత్రం నాది కాదు. నలభై ఏళ్ళుగా ఈ కూలి చేస్తున్నాను.

మా తాత ఊళ్ళో చావుకీ పెళ్ళికీ డప్పు కొట్టాడు. నేను చావుకీ పెళ్ళికీ ఫోటో తీశాను. ఇద్దర్నీ పిలిచింది ఒకే రకం మనుషులు. ఇద్దర్నీ నిలబెట్టింది ఒకే రకం గడప బయట. తేడా ఒక్కటే. తాత డప్పు మోత గాలిలో కలిసిపోయింది. నేను తీసింది నెగిటివ్‌గా నా దగ్గర మిగిలింది. నా చరిత్ర అంతా ఆ మిగిలినదాంట్లోనే ఉంది.

మనల్ని ఫోటో తీయడం ఇవాళ మొదలైంది కాదు. ఫోటోగ్రఫీ సంగతి 1839లో లోకానికి తెలిసింది. ముప్పై ఏళ్ళు తిరక్కముందే తెల్లదొరలు కెమెరా పట్టుకుని ఈ దేశంలో కులాల వెంట పడ్డారు. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని 8 సంపుటాలు వేశారు. 1857 తిరుగుబాటుతో బెదిరిపోయిన సర్కారుకి, తాను ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాల్సిన అవసరం పడింది మరి. తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారితో కలిసి 1909లో దక్షిణాది కులాలూ తెగల మీద 7 సంపుటాలు తెచ్చాడు. మనుషుల ముక్కులూ తలలూ కొలిచి లెక్కలు రాసుకున్నవాడాయన. మాలల గురించీ మాదిగల గురించీ అందులో చాలానే ఉంది. కానీ అలాంటి పుస్తకాల్లో బొమ్మ కింద ఉండేది ఎక్కువగా కులం పేరే, మనిషి పేరు కాదు. మ్యూజియంలో సీతాకోకచిలుకని గుండుసూదితో గుచ్చి కింద చీటీ అంటించినట్టు.

అదే రోజుల్లో రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువు ఫోటోగ్రాఫరయ్యాడు. గొప్ప పనివాడు, కాదనను. ఆయన కెమెరా ముందు నవాబులకీ దొరలకీ పేర్లున్నాయి. గుర్రం కళ్ళెం పట్టుకున్నవాడికీ పల్లకీ మోసినవాడికీ పేరేది? దొరల పుస్తకంలో మనం నమూనాలం. రాజుల ఆల్బంలో మనం సామాను.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫిల్ము మీద వెండి లవణాన్ని పట్టి ఉంచే పూత జిలటిన్. జిలటిన్ అంటే పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడకబెడితే వచ్చే జిగురు. చచ్చిన గొడ్డును ముట్టుకున్నారని మనల్ని ఊరి బయట ఉంచినోళ్ళు, ఆ గొడ్డు జిగురు మీదే తమ పెళ్ళి ఫోటోలు దింపించుకుని పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్నారు. దీన్నేమంటారో మీరే చెప్పండి.

1985లో నేను చీరాలలో ఒక స్టూడియోలో హెల్పర్ని. నీళ్ళు మోయడం, గచ్చు తుడవడం, ట్రేలు కడగడం, హైపో కలపడం. డార్క్‌రూములోకి అడుగు పెట్టడానికి ఏడాది పట్టింది. ఎర్రబల్బు కింద డెవలపర్ ట్రేలో తెల్లకాగితం మీద మొహం మెల్లగా తేలి వస్తుంటే, బిడ్డ పుడుతుంటే చూసినట్టుండేది.

అక్కడే నాకు రంగు రాజకీయం తెలిసింది. వచ్చిన ప్రతివాడూ 'కొంచెం తెల్లగా రావాలబ్బాయ్' అనేవాడు. నెగిటివ్ మీద పెన్సిలుతో రుద్ది మొహాలు తెల్లబరిచేవాళ్ళం. లైట్‌మీటరు తన ముందున్నదాన్నంతా కలిపి మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క చెబుతుంది. తెల్లచొక్కా వేసుకున్న మా మాదిగపల్లె మనిషిని నిలబెట్టి మీటరు మాట వింటే, చొక్కా వస్తుంది, మొహం బొగ్గయిపోతుంది. అందుకే ఒక స్టాపు ఎక్కువ తెరవాలి. చొక్కా కాస్త తెల్లబోయినా ఫరవాలేదు, కళ్ళు కనపడాలి. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. కలర్ ప్రింటు రంగులు సరిచూసుకోడానికి కొడాక్ కంపెనీ లాబులకి పంపిన కార్డు మీద ఏళ్ళ తరబడి తెల్లమ్మాయి బొమ్మే ఉండేదని, దాన్ని షిర్లీ కార్డు అంటారని చాలా తర్వాత తెలిసింది. మీటరుకి కులం లేకపోవచ్చు. ఏ చర్మాన్ని కొలతగా పెట్టుకోవాలో తేల్చినవాడికి ఉంది.

ఆ ఏడాదే జూలై 17న కారంచేడు. ఆరుగురిని చంపారు. ఆడోళ్ళని చెరిచారు. మిగిలిన జనం ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. ఎక్కడెక్కడి ఫోటోగ్రాఫర్లో దిగారు. నేను స్టూడియో పని ముగించుకుని శిబిరానికి పోయి నిలబడి చూసేవాణ్ణి. చేతిలో కెమెరా లేదు. వచ్చినోళ్ళందరికీ ఏడుస్తున్న ఆడమనిషే కావాలి. ఏడుపు ఆగి ఆమె పొయ్యి ముట్టించుకుంటుంటే కెమెరాలు మూతపడేవి. అదే జనంలోంచి దళిత మహాసభ పుట్టింది. ఏడ్చినోళ్ళే ఊరేగింపు కట్టారు. ఏడుపుకీ ఊరేగింపుకీ మధ్య ఏం జరిగిందో చెప్పే ఫోటోలు ఎన్నున్నాయి? కెమెరా కొనాలని నేను అక్కడే గట్టిగా అనుకున్నాను.

అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెడితే సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి వచ్చింది. అప్పట్నుంచి దొరికిన పనల్లా చేశాను. హాస్టలు పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలకి పాస్‌పోర్ట్ ఫోటోలు. ఓణీల ఫంక్షన్లు. ప్రారంభోత్సవాలు. మీటింగు ఫోటో కడిగి, తడి ఆరకముందే కవర్లో పెట్టి, విజయవాడ బస్సు కండక్టరుకి అందించి 'అన్నా, మర్చిపోమాక' అని బతిమాలడం. పొద్దున్నే టీకొట్టు దగ్గర పేపరు తిరగేసి వెతుక్కోవడం. వస్తే రెండు కాలాల బొమ్మ, లేకపోతే ఫిల్ము దండగ.

పెళ్ళిళ్ళలో సంగతి వేరు. తాళి కట్టేటప్పుడు పందిట్లో అందరికంటే ముందుండేది ఫోటోగ్రాఫరే. పూజారి కూడా పక్కకి జరిగి దారిచ్చేవాడు. భోజనాల వేళకి ఎవరో పెద్దాయన నెమ్మదిగా అడిగేవాడు, 'మీరేమిటోళ్ళబ్బాయ్?' అని. పేరు చెబితే అందులో చర్చి గంట వినపడేది. అంతే, విస్తరి పశువుల కొట్టం వైపు జరిగేది. గంట ముందు పెళ్ళికూతురి చెంగు సర్దుకోమని చెప్పిన నోరే అది. కెమెరా మెళ్ళో ఉన్నంతసేపే మనిషిని.

1993లో ఓటర్లకి ఫోటో గుర్తింపు కార్డులివ్వాలని ఎన్నికల కమిషనర్ శేషన్ పట్టుబట్టాడు. తర్వాత ఆ ఫోటోలు తీసే పనిలో నేనూ కూలికి పోయాను. మా వాడల్లో ముసలోళ్ళకి బతుకులో అదే మొదటి ఫోటో. ఒక అవ్వ కుర్చీలో కూచోనంది. 'కూకుంటే ఎవురేమంటారో అయ్యా' అంది. 'ఇది సర్కారు కుర్చీ అవ్వా, నీదే' అంటే అంచున కూచుంది. కొన్నేళ్ళకి ఆమె మనవడు ఆ కార్డే తెచ్చి పెద్దది చేసివ్వమన్నాడు, దినానికి దండ వెయ్యాలని. అలా గోరంత బొమ్మల్ని పటాలు చేయడం నాకు సగం పనయింది. మా వాడ గోడల మీద వేలాడే పూర్వీకులంతా ఓటుకార్డులోంచి వచ్చినోళ్ళే.

1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మందిని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఈసారి చేతిలో కెమెరా ఉంది. పాసింజరు ఎక్కి పోయాను. చనిపోయినోళ్ళని ఊరి నడుమ పాతిపెట్టుకుని, ఆ నేలకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు మనోళ్ళు. వెలి బతుకు బతికినోళ్ళు ఊరి గుండెలో చోటు చేసుకున్నారు. తలెత్తుకు నిలబడ్డ మొహాలే నేను తీశాను. ఒక పేపరుకి ఇస్తే 'ఏడుపు లేదేంటి ఇందులో' అన్నారు. ప్రింట్లు వెనక్కి రాలేదు. నెగిటివ్‌లు ఇవ్వలేదు కాబట్టి ఆ మొహాలు ఇవాళ్టికీ ఉన్నాయి.

నెగిటివ్ విలువ కోర్టులో ఇంకా బాగా తెలిసింది. పోలీసులు పంచనామాకి లోకల్ ఫోటోగ్రాఫర్ని పిలుస్తారు. 'ఏయ్ ఫోటో, ఇట్రా' అని కేక. బిల్లు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. కేసు నడిచేటప్పుడు మాత్రం సమన్లు వస్తాయి. ఒక అట్రాసిటీ కేసులో నేను బోనెక్కాను. ప్రింట్లు ఒక్కటే చాలవు, నెగిటివ్‌లు ఏవన్నారు. వరస తప్పకుండా స్ట్రిప్పులు చూపించాను. అప్పుడు డిఫెన్సు వకీలు, 'నువ్వూ వాళ్ళ కులపోడివే కదా?' అన్నాడు. 'తీసింది నేనే. కానీ నల్లబడింది వెండండీ. దానికి కులం లేదు' అన్నాను. ఫోటోలు నిలబడ్డాయి. సాక్షులు నిలబడలేదు. ముద్దాయిల పొలంలో కూలికి పోయి బతికేవాళ్ళు ఎట్లా నిలబడతారు?

చుండూరు కేసులో ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోడానికి జనం పోరాడాల్సి వచ్చింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిది మంది చచ్చారన్నది నిజమే, చంపినోళ్ళు మాత్రం లేరు! సాక్ష్యం అనే మాట బరువు మనకంటే ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఫిల్ము పోయింది. వాడలో ప్రతి పిల్లోడి చేతిలో కెమెరా ఉంది. నా కూలి కూడా అట్లాగే పోయింది, దానికి నాకు బాధ లేదు. ముంబైలో పాకీపని చేసేవాళ్ళ బతుకుల్ని ఏళ్ళ తరబడి తీసిన దళిత ఫోటోగ్రాఫర్ సుధారక్ ఓల్వేకి 2016లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది జనవరిలో రోహిత్ వేముల మనకు దక్కకుండా పోయాడు. హాస్టలు గది ఖాళీ చేస్తూ అంబేద్కర్ పటం చేత పట్టుకుని నడుస్తున్న రోహిత్ బొమ్మ దేశమంతా తిరిగింది. ఆ జూలైలోనే గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న మనోళ్ళని కట్టేసి కొట్టారు. కొట్టినోళ్ళే వీడియో తీసి జనంలోకి వదిలారు. అంత ధైర్యం! ఆ వీడియోనే తిరిగి వాళ్ళ మెడకి చుట్టుకుంది. కెమెరా ఎవరి చేతిలో ఉందన్నది ఒక ప్రశ్న. తీసినదాన్ని ఎవరు దాస్తారు, ఎవరు పేరు రాస్తారు, ఎవరు కోర్టు దాకా మోస్తారు అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

కార్యకర్తలకీ విద్యార్థులకీ నేను చెప్పేది ఇదే. ఊరేగింపు ఫోటో తీసి ఫోన్లో పంపేస్తే పని అయిపోదు. ఫోన్లలో తిరిగి తిరిగి వచ్చిన బొమ్మ ప్రింటు లాంటిది. మొదట తీసిన ఫైలు నెగిటివ్. దాన్ని చెరపొద్దు, కత్తిరించొద్దు, తీసిన ఫోను పారెయ్యొద్దు. కోర్టులో దానికి సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టంలో అది 65బి, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం ఆ కేసుల విచారణంతా వీడియో తీయాలి. 15ఎ సెక్షన్ చదువుకోండి, అడగండి.

ఇంకో పని కూడా ఉంది. మీ వాడకి పోయి, చూరుల్లోనూ ట్రంకు పెట్టెల్లోనూ బైబిలు పేజీల మధ్యా ఉన్న ఫోటోలు బయటికి తీయించండి. ముసలోళ్ళు బతికుండగానే ఒక్కొక్కటీ చూపించి అడగండి. ఇదెవరు, ఏ ఊరు, ఏ ఏడు, పక్కనున్నదెవరు, ఆ రోజు ఏ పని మీద పోయారు. వెనకవైపు మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను వద్దు, గీత ముందుకి దిగుతుంది. దొరలు మన బొమ్మ కింద కులం రాసి వదిలేశారు. మనం పేరు రాద్దాం. ముందు మనిషి పేరు, తర్వాత తల్లి పేరు, తర్వాత తీసినవాడి పేరు.