విప్పి కూర్చే గొర్రు: కోడుమూరు మెట్టసేద్యంలో ఒక పనిముట్టు చరిత్ర

2018 ఆగస్టు 9న ఐకియా సంస్థ భారతదేశంలోని తన మొదటి దుకాణాన్ని హైదరాబాదులో తెరవడంతో, విడిభాగాలను ఇంటికి తెచ్చుకొని బల్లనో అల్మారానో స్వయంగా బిగించుకునే పద్ధతి నగరవాసులకు దగ్గరైంది. అయితే భాగాలను కూర్చడం, కూర్పులోని తప్పును పట్టి సరిదిద్దడం హంద్రీ నది తీరాన కర్నూలు జిల్లా కోడుమూరు చుట్టుపక్కల మెట్టరైతుకూ వడ్రంగికీ అంతకు ఎంతో ముందునుంచే తెలిసిన విద్య.

ఆ విద్యకు మంచి నిదర్శనం గొర్రు, అంటే విత్తనాన్ని సమదూరపు వరుసల్లో నేలలోకి దించే సాధనం. తుమ్మ వంటి గట్టి కొయ్యతో చేసిన అడ్డదిండుకు బెజ్జాలు తొలిచి, వాటిలో పళ్లను దిగగొట్టి, ఒక్కొక్క పంటికి వెనుక ఒక వెదురుగొట్టాన్ని నిలిపి, ఆ గొట్టాల పైకొనలన్నిటినీ జడ్డిగం అనే రంధ్రాల కొయ్యగిన్నెలో చేర్చి తాళ్లతో బిగించేవారు. విత్తు ముగిశాక జడ్డిగాన్నీ గొట్టాలనూ విప్పి ఇంట్లో భద్రపరచి, మరుసటి ముంగారికి, అంటే తొలకరి పంటకు, మళ్లీ కూర్చేవారు.

కూర్పులోని పొరపాటు వెంటనే కనబడదు, మొలక వచ్చాకే బయటపడుతుంది. అందుకే ఈ పనిలో వడ్రంగి చూపిన జాగ్రత్త గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక పన్ను మిగిలినవాటికన్నా కిందికి దిగితే ఆ సాలులోని గింజ లోతున పడి పైకి రాలేదు. పళ్ల మధ్య దూరం తప్పితే, తరువాత సాళ్ల నడుమ కలుపు తీసే దంతె పైరునే కోసేస్తుంది. గొట్టంలో మన్ను ఇరుక్కుంటే సాలంతా బోసిపోతుంది. వేసవి ఎండకు కొయ్య ఎండి, కుసి, అంటే బెజ్జంలో కూర్చునే కొన, వదులైనప్పుడు పక్కన సన్నని చెక్కచీలికను కొట్టి బిగించేవారు. అన్ని పళ్లూ కలిసి లోతుగానో పైపైనో పోతుంటే కాడికి కట్టిన తాడును మార్చి గొర్రు వాలును సవరించేవారు. తదును, అంటే విత్తుకు తగిన తేమను, దాటిపోనివ్వకుండా ఈ సవరణలన్నీ పొలంలోనే జరగాలి, ఎందుకంటే ఈ నేలల్లో ఆ తేమ ఎక్కువ రోజులు ఆగదు.

థామస్ హాల్కాట్ అనే ఆంగ్ల సైనికాధికారి 1795లో దక్షిణ భారతదేశపు గొర్రు సేద్యాన్ని వర్ణిస్తూ, అటువంటి సాధనం ఆధునిక యూరపు కల్పన అని తాను అంతవరకు భావించినట్లు ఒప్పుకున్నాడు. ఆ రచనను చరిత్రకారుడు ధరంపాల్ 1971లో వెలువరించిన గ్రంథంలో చేర్చాడు. యూరపు యంత్రాల చరిత్రలో, విత్తే యంత్రంతో పేరుపొందిన ఆంగ్లేయుడు జెత్రో టల్‌కు దక్కిన స్థానం పేరు తెలియని మన వడ్రంగులకు దక్కకపోవడం అన్యాయం. ఇప్పుడు ట్రాక్టరుకు తగిలించే ఇనుప గొర్రులో చీలికల స్థానాన్ని బోల్టులు ఆక్రమించాయి. పంటను బట్టి వాటిని వదులుచేసి, పళ్లను జరిపి, సాళ్ల దూరాన్ని కొలిచి మళ్లీ బిగిస్తున్నారు.