యు ఉన్న కలరా, యు లేని కలరా?

మా వరంగల్ బళ్ళో కలర్ స్పెల్లింగులో యు వదిలేస్తే సారు ఎర్రసిరాతో చుట్టేవారు. అదే పిల్లాడు కాలేజీ ల్యాబుకెళ్ళి జీడబ్ల్యూ బేసిక్‌లో యు పెట్టాడనుకోండి, సింటాక్స్ ఎర్రర్! మరి ఈ ఇద్దరు గురువుల్లో ఎవరు కరెక్టు?

అసలు ఈ గొడవ మనది కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో యు ఉంచాడు. కొత్త దేశానికి సొంత స్పెల్లింగు ఉండాలని పట్టుబట్టిన నోవా వెబ్‌స్టర్ 1828 నాటి అమెరికన్ నిఘంటువులో దాన్ని పీకేశాడు. మనల్ని ఏలింది ఇంగ్లీషువాళ్ళు కాబట్టి యు మనకి వారసత్వంగా వచ్చింది. కంపైలర్లు రాసింది ఎక్కువగా అమెరికావాళ్ళు కాబట్టి కోడులో ఊడిపోయింది. ఇందులో వ్యాకరణం ఏమీ లేదు, ఎవరు ముందు రాస్తే వాళ్ళదే స్పెల్లింగు.

ఇంగ్లీషువాళ్ళు ముందు రాసిన సందర్భం కూడా ఒకటుంది. 1981లో కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రో తెచ్చింది. దాని బేసిక్‌లో రంగు మార్చే కమాండు శుభ్రంగా యు తోనే ఉండేది. 1984లో మన కేంద్రప్రభుత్వం 'క్లాస్' పథకం కింద బళ్ళకి పంపినవి ఈ మెషీన్లే! అంటే ఆ బళ్ళ పిల్లలకి ఇంగ్లీషు సారుకీ కంప్యూటర్‌కీ మధ్య తగువే లేదన్నమాట. తర్వాత ఐబీఎం పీసీలూ, వాటి నకళ్ళూ ఊరూరా దిగాయి. యు కథ అక్కడితో సరి.

మరీ బ్రిటిష్ భక్తులకి ఇంకో మాట. ప్రోగ్రామ్ అన్న మాటకి చివర రెండు ఎమ్ములూ ఒక ఈ తగిలించడం ఇంగ్లాండులో పాత ఆచారమేం కాదు, 19వ శతాబ్దంలో ఫ్రెంచి ప్రభావంతో పాతుకుపోయింది. అంతకుముందు వాళ్ళూ ఒక్క ఎమ్ముతోనే సరిపెట్టుకున్నారు. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన మన ఆర్ఈసీ 2002లో ఎన్ఐటీ అయింది కదా.. అక్కడ బీటెక్ ప్రోగ్రామ్‌కి రెండు ఎమ్ములు, ల్యాబులో రాసే సీ ప్రోగ్రామ్‌కి ఒకటే ఎమ్ము. ఏ కుర్రాడూ తికమకపడడు.

తంటా అల్లా మనుషులు కలిసి రాసే కోడులోనే. ఇనిషియలైజ్‌లో జెడ్ అమెరికా వాళ్ళదని మనవాళ్ళ నమ్మకం, కానీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాడేదీ జెడ్డే. సరే, బేస్ క్లాసులో ఒకాయన జెడ్ పెట్టాడు, సబ్‌క్లాసులో ఇంకొకాయన బడి అలవాటుగా ఎస్ పెట్టాడు. జావా కిక్కురుమనదు, రెండూ వేర్వేరు మెథడ్లనుకుంటుంది. ఓవర్‌రైడ్ జరగదు, పాత కోడే నడుస్తుంది, తెల్లార్లూ డీబగ్గింగ్! 2004లో జావా 5తో ఓవర్‌రైడ్ యానొటేషన్ వచ్చాక, అది పెట్టినచోట కంపైలరే పట్టిస్తోంది. అయినా పెట్టనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

హనమకొండ, హన్మకొండ, హనుమకొండ.. ఇంగ్లీషులో ఎలా రాసినా బస్సు అక్కడికే వెళ్తుంది. కంపైలర్‌కి మన కండక్టరుకున్న లోకజ్ఞానం లేదు. అందుకే పేర్లకి ఒకటే స్పెల్లింగు, ప్లాట్‌ఫామ్ ఏది వాడితే అదే అని నా వాదన. కామెంట్లలో యు పెట్టుకుంటే పెట్టుకోండి, నేనూ పెడతాను.

అన్నట్టు, సీఎస్ఎస్‌లో గ్రే రంగుకి ఏ పెట్టినా ఈ పెట్టినా ఇప్పుడు చెల్లుతుంది. కలర్ ప్రాపర్టీకి మాత్రం ఆ దయ లేదు. యు పెడితే బ్రౌజరు ఎర్రర్ కూడా ఇవ్వదు, ఆ లైనుని చూడనట్టు దాటేస్తుంది.